కూలింగ్ టవర్‌కు డబ్బు పెట్టే ముందు: ఫిల్, ఫ్యాన్, నీళ్ళు... దేనికి మొదట?

మే నెల మధ్యకు వచ్చేసరికి థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో ఒకటే మాట వినిపిస్తుంది: "వ్యాక్యూమ్ రావట్లేదు." టర్బైన్ దాటిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లనీళ్ళతో నీరుగా మారుస్తారు, అక్కడ పీడనం ఎంత తక్కువుంటే, అంటే ఎంత వ్యాక్యూమ్ ఉంటే, టర్బైన్‌కు అంత లాభం. కండెన్సర్‌లో వేడెక్కిన ఆ నీళ్ళను మళ్ళీ చల్లార్చేది కూలింగ్ టవర్. అందుకే ఆ మాట రాగానే అందరి వేళ్ళూ కూలింగ్ టవర్ వైపు తిరుగుతాయి. మరుసటి వారం ఫిల్స్ (టవర్ లోపల నీళ్ళు గాలికి బాగా తగిలేలా పేర్చే పట్టీలు, షీట్లు) అమ్మేవాళ్ళు వస్తారు, ఆ పై వారం ఫ్యాన్లు అమ్మేవాళ్ళు. ఎవరి బ్రోచర్ చూసినా వాళ్ళ సరుకు పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుందనే ఉంటుంది. నాలుగు సరుకులూ కొంటే ఎనిమిది డిగ్రీలు తగ్గాలి మరి!

ఈ వ్యాసం ఓవర్‌హాల్‌కు ముందు ఎస్టిమేట్ వేసేవాళ్ళ కోసం, ఆ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టేవాళ్ళ కోసం. లెక్కలకు 210 మెగావాట్ల యూనిట్‌ను తీసుకుంటున్నాను. గంటకు 27,000 క్యూబిక్ మీటర్ల నీళ్ళు తిరుగుతాయి, కండెన్సర్‌లో 9 డిగ్రీలు వేడెక్కుతాయి, పది సెల్స్ (విడివిడి గదులు, ఒక్కోదానికి ఒక ఫ్యాన్) ఉన్న ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్ టవర్, అంటే పైనున్న ఫ్యాన్లు గాలిని లాగే టవర్ అనుకుందాం. మీ యూనిట్ పెద్దదైతే అంకెలు పెరుగుతాయి, వాదన మారదు.

ముందు తప్పు టవర్‌దేనా?

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో టవర్‌లో నీళ్ళూ అందుకే చల్లబడతాయి. కొంచెం నీరు ఆవిరైపోతూ మిగిలిన నీటి వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి టవర్‌కు హద్దు బయటి ఎండ కాదు, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడి వత్తి చుట్టిన థర్మామీటర్ చూపేది. రామగుండంలో మే మధ్యాహ్నం 45 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ 26 దగ్గర ఉంటుంది. అదే రోజు విశాఖలో 33 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం ఉంటే వెట్ బల్బ్ 29 దాటుతుంది. ఇంట్లో ఎయిర్ కూలర్ పెట్టుకున్నవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. రామగుండంలో దుప్పటి కప్పుకోవాలి, విశాఖలో అదే కూలర్ ముందు చెమట తుడుచుకోవాలి. ఎండ ఎక్కువున్న ఊళ్ళో టవర్ బాగా పనిచేయడం, సముద్రం పక్కన ఇబ్బంది పడటం వింతేమీ కాదు.

టవర్ నుంచి బయటికొచ్చే చల్లనీళ్ళకూ వెట్ బల్బ్‌కూ ఉన్న తేడా అప్రోచ్. టవర్ మంచిదో చెడ్డదో చెప్పేది ఇదే. వేడినీళ్ళకూ చల్లనీళ్ళకూ ఉన్న తేడా రేంజ్. "సార్, రేంజ్ పది వస్తోంది, టవర్ బ్రహ్మాండంగా ఉంది" అని రివ్యూ మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రేంజ్ పెరిగిందంటే చాలాసార్లు సీడబ్ల్యూ పంపు (కండెన్సర్‌కు నీళ్ళు తిప్పే పంపు) నీళ్ళు తక్కువ ఇస్తోందని అర్థం. అంత వేడినీ తక్కువ నీళ్ళు మోస్తున్నాయి కాబట్టి తేడా ఎక్కువ కనిపిస్తుంది. అందులో టవర్ గొప్పేమీ లేదు.

డిసెంబర్‌లో ఇంకో పొరపాటు జరుగుతుంది. డిజైన్ అప్రోచ్ 5 డిగ్రీలు, ఇప్పుడు 8 వస్తోంది, టవర్ పాడైందని నోట్ పెట్టేస్తారు. వెట్ బల్బ్ పడిపోయినప్పుడు చెక్కుచెదరని టవర్‌లో కూడా అప్రోచ్ పెరుగుతుంది. చల్లటి గాలి మోయగలిగే ఆవిరి తక్కువ. అందుకే టవర్ సరఫరాదారు ఇచ్చిన పర్ఫార్మెన్స్ కర్వ్‌లు తీసి, ఆ రోజు వెట్ బల్బ్‌కూ ఆ రోజు రేంజ్‌కూ ఎంత రావాలో చూసి, దాంతోనే పోల్చాలి.

చల్లనీళ్ళు కర్వ్ ప్రకారమే వస్తున్నా వ్యాక్యూమ్ రాకపోతే టవర్ జోలికి పోకండి. టీటీడీ (కండెన్సర్‌లో ఆవిరి ఉష్ణోగ్రతకూ, బయటికొచ్చే నీటి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడా) పెరిగి ఉంటే కండెన్సర్ ట్యూబుల్లో లవణాల పొర పట్టి ఉండవచ్చు, లేదా ఎక్కడో గాలి లోపలికి పీలుస్తూ ఉండవచ్చు. ట్యూబులు క్లీన్ చేయించడానికో గ్లాండ్ (షాఫ్ట్ సీల్) సరిచేయడానికో అయ్యే ఖర్చు ఫిల్స్ మార్చే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

నేను ఒకసారి లాగ్ షీట్లు తిరగేస్తుంటే మూడు వారాలపాటు డ్రై బల్బ్, వెట్ బల్బ్ రెండూ ఒకే అంకె కనిపించాయి. అంటే మూడు వారాలూ గాలిలో తేమ నూటికి నూరు శాతం! అదీ ఏప్రిల్‌లో. వెళ్ళి చూస్తే థర్మామీటర్ బుడ్డి కింద గిన్నెలో నీళ్ళు ఎండిపోయాయి, దూది వత్తి బిరుసెక్కి బెల్లం పాకంలో ముంచి ఆరబెట్టినట్టుంది. ఆ అంకెలతో లెక్కేస్తే మన టవర్ ప్రకృతి నియమాలనే దాటి వెట్ బల్బ్ కంటే చల్లటి నీళ్ళిస్తోందన్నమాట. కొత్త వత్తి, డిస్టిల్డ్ వాటర్ కలిపినా వంద రూపాయలు కాదు. వెట్ బల్బ్‌ను సెల్‌కు గాలి వెళ్ళే చోట, లూవర్ల (ఏటవాలు పలకల) దగ్గర కొలవాలి. ఫోన్‌లో కనిపించే వాతావరణం ఊరికి సంబంధించినది, పక్క సెల్ వదిలిన ఆవిరిని మీ సెల్ మళ్ళీ పీలుస్తున్న సంగతి దానికి తెలియదు.

ఒక్క డిగ్రీ గురించి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, కండెన్సర్‌లో ఆవిరి 45 డిగ్రీల దగ్గర నీరుగా మారే బదులు 46 దగ్గర మారితే పీడనం 9.6 కిలోపాస్కల్స్ నుంచి 10.1కి పోతుంది. పాదరసం లెక్కలో దాదాపు 4 మిల్లీమీటర్ల వ్యాక్యూమ్. అది బొగ్గులో ఎంతో మీ టర్బైన్ కరెక్షన్ కర్వ్ చూసుకుంటే తెలుస్తుంది. రోజూ, ఇరవైనాలుగు గంటలూ పోయే బొగ్గు.

ఫిల్: స్ప్లాషా, ఫిల్మా?

డబ్బు ఎక్కువ పోయేదీ, తప్పు ఎక్కువ జరిగేదీ ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

స్ప్లాష్ ఫిల్ అంటే అడ్డంగా వరసలు వరసలుగా పేర్చిన పట్టీలు. పాత టవర్లలో చెక్కవి, ఇప్పుడు పీవీసీ వీ-బార్లు. పైనుంచి పడ్డ చుక్క పట్టీకి తగిలి చిట్లుతుంది, కింది పట్టీకి తగిలి మళ్ళీ చిట్లుతుంది. ఫిల్మ్ ఫిల్ అంటే ముడతలు పెట్టిన పల్చటి పీవీసీ షీట్లను అతికించి చేసిన బ్లాకులు. నీరు చుక్కలుగా కాకుండా షీటు మీద పొరలా జారుతుంది. క్యూబిక్ మీటర్ స్ప్లాష్ ఫిల్‌లో వేడి మారే ఉపరితలం 30 నుంచి 45 చదరపు మీటర్లు ఉంటే, ఫిల్మ్‌లో 150 దాకా ఉంటుంది. స్ప్లాష్‌కు 5 నుంచి 10 మీటర్ల ఎత్తు కావాలి, ఫిల్మ్‌కు 1.2 నుంచి 1.5 మీటర్లు చాలు. కాగితం మీద పోటీయే లేదు.

ఈ అంకెలన్నీ శుభ్రమైన నీటికి. నేను పనిచేసిన ఒక స్టేషన్‌కు నది నీళ్ళు వచ్చేవి. స్ప్లాష్ బార్లు సగం ఊడిపోయి అప్రోచ్ బాగా పెరిగితే, రెండు సెల్స్‌లో షీట్ల మధ్య సందు 19 మిల్లీమీటర్లుండే క్రాస్ ఫ్లూటెడ్ (ముడతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండే) ఫిల్మ్ ఫిల్ వేశాం. మొదటి వేసవిలో చల్లనీళ్ళు రెండు డిగ్రీలు దిగాయి. అందరం భుజాలు చరుచుకున్నాం, మిగతా సెల్స్‌కు కూడా ఫైలు కదిలింది. ఆ ఆగస్టులో నదికి ఎర్రనీళ్ళొచ్చాయి, క్లారిఫయర్ (నీటిలో మట్టిని దించే ట్యాంకు) ఆ బురద తట్టుకోలేకపోయింది, మేకప్ (పోయిన నీటికి బదులు పోసే కొత్త నీరు) మాత్రం ఆపలేం కదా! రెండో వర్షాకాలం అయ్యాక సెల్ ఆపి లోపలికి దిగాం. కొత్తలో ఒక్కడు చంకలో పెట్టుకుని నిచ్చెన ఎక్కిన బ్లాకును కదపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. షీట్ల మధ్య సందుల్లో ఒండ్రు, దాన్ని జిగురులా పట్టి ఉంచిన నాచు. నీటికి దారి లేదు, గాలికి అసలే లేదు. కింది వరస బరువుకు వంగి, విరిగిన పీవీసీ ముక్కలు బేసిన్‌లో (టవర్ కింది తొట్టిలో) తేలుతూ ఫోర్‌బే స్క్రీన్ (పంపుల ముందున్న జల్లెడ) దాటి కండెన్సర్ ట్యూబ్ షీట్ మీద అప్పడాల్లా అతుక్కున్నాయి. ఫిల్స్ వేయక ముందు ఉన్నదానికంటే వ్యాక్యూమ్ ఘోరం. ఆ తప్పులో నా సంతకమూ ఉంది.

ఒండ్రును షీటుకు అతికించేది సూక్ష్మజీవుల జిగురు పొర. కాబట్టి నీటిలో మట్టి మాత్రమే కొలిస్తే చాలదు. మట్టి తక్కువున్నా క్లోరినేషన్ సరిగా లేకపోతే ఫిల్మ్ ఫిల్ పూడుతుంది. మట్టి ఎక్కువైతే క్లోరిన్ ఎంత వేసినా కాపాడలేదు.

ఈ రెండింటికీ మధ్యలో లో-క్లాగ్ ఫిల్ ఉంది. ఫ్లూట్లు (షీటు ముడతల మధ్య సందులు) నిలువుగా, వెడల్పుగా ఉంటాయి, బురద నిలవదు. ఉపరితలం 85 నుంచి 100 చదరపు మీటర్లు, ఎత్తు 1.5 నుంచి 1.8 మీటర్లు. గ్రిడ్‌లా అల్లిన ట్రికిల్ ఫిల్ కూడా ఈ వరసలోదే. మన స్టేషన్లలో ఎక్కువ వాటికి సరిపడేది ఈ మధ్యదారే అని నా అభిప్రాయం. ఫిల్మ్ అమ్మేవాడు చెప్పే రెండో డిగ్రీ అప్పుడు దొరకదు, మీకు మాత్రం మొదటి డిగ్రీ ఐదేళ్ళయినా నిలుస్తుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది. రిజర్వాయర్ నుంచి నీళ్ళొచ్చి, క్లారిఫయర్ వర్షాకాలంలో కూడా నిలబడగలిగితే ఫిల్మ్ ఫిల్ ఆలోచించవచ్చు. కొత్తగూడెం స్టేషన్‌కు కిన్నెరసాని ఉన్నట్టు జలాశయం ఉన్నచోట మట్టి చాలావరకు అక్కడే దిగిపోతుంది. నేరుగా నది నుంచి తోడుకునేవాళ్ళు లో-క్లాగ్ దాటి పోవద్దు. బూడిద గాలికి లేచి టవర్ మీద పడే చోట, కోల్ యార్డ్ పక్కనే టవర్ ఉన్న చోట, శుద్ధి చేసిన మురుగునీళ్ళు మేకప్‌గా వాడే చోట స్ప్లాషే మేలు. టవర్ అంటే ఒక పెద్ద గాలి వడపోత కూడా. గాలిలోని దుమ్మంతా కడిగి బేసిన్‌లో పోసుకుంటుంది.

పంపింగ్ హెడ్ మాటకొస్తే బ్రోచర్లు అరనిజం చెబుతాయి. ఫిల్మ్ ఫిల్‌కు 5 నుంచి 8 మీటర్ల హెడ్ చాలు, స్ప్లాష్‌కు 9 నుంచి 12 కావాలి కాబట్టి పంపు కరెంటు మిగులుతుందంటారు. కొత్త టవర్‌కు అది నిజం. పాత టవర్‌లో వేడినీటి హెడర్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాన్ని కిందికి దించితే తప్ప పంపు ఎక్కించాల్సిన ఎత్తు మారదు. రిట్రోఫిట్ ఎస్టిమేట్‌లో పంపు ఆదా చూపిస్తే ఎరుపు పెన్నుతో కొట్టేయండి.

షీటు మందం కూడా అడగండి. అచ్చు వేయక ముందు మందమా, వేశాక మందమా? అచ్చులో లాగినప్పుడు షీటు పల్చబడుతుంది, ధర తక్కువ కోట్ చేసినవాడి రహస్యం తరచుగా అందులోనే ఉంటుంది. సీటీఐ (కూలింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్) వాళ్ళ ఎస్‌టీడీ-136 ప్రమాణానికి తగినట్టు ఉండాలని టెండర్‌లో రాస్తే కొంత రక్షణ. ఇంకొకటి, ఓవర్‌హాల్‌లో నీళ్ళు లేక ఎండిపోయిన టవర్ మీద వెల్డింగ్ చేయనివ్వకండి. ఎండిన చెక్కకూ పాలీప్రొపిలీన్ ఫిల్‌కూ ఒక్క నిప్పురవ్వ చాలు.

ఫిల్ కంటే ముందు నాజిళ్ళు

ఊడిన నాజిల్ (ఫిల్ మీద నీళ్ళు చిమ్మే మూతి) కింద నిలబడి ఒకసారి పైకి చూడండి. చుట్టూ వానలా పడుతుంటే, అక్కడ మాత్రం బిందె బోర్లించినట్టు ఒకే ధార. ఆ ధార ఫిల్‌ను తొలిచేస్తుంది, పక్క భాగం ఎండిపోయి ఉంటుంది. గాలి తెలివైనది, నీళ్ళు లేని దారి చూసుకుని సుఖంగా పైకి పోతుంది. అంత ఫ్యాన్ కరెంటూ వృథా.

పది సెల్స్ కిందా చల్లనీటి ఉష్ణోగ్రత విడివిడిగా తీయండి. ఒకటి రెండు సెల్స్ మిగతా వాటికంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే మీ సమస్య టవర్ మొత్తానిది కాదు, ఆ సెల్స్‌ది. రైజర్ వాల్వుల (ఒక్కో సెల్‌కు నీళ్ళు ఎక్కే పైపుల వాల్వుల) ఓపెనింగ్ సరిచూసి, నాజిళ్ళు బిగించి, చిరిగిన పార్టిషన్ గోడలు మూస్తే చాలాసార్లు ఫిల్ ఫైలు మూసేయవచ్చు. ఈ పనికి టెండర్ కూడా అక్కరలేదు. బహుశా అందుకే ఎవరికీ దీని మీద ఆసక్తి ఉండదు.

డ్రిఫ్ట్ ఎలిమినేటర్ల (గాలితో పోయే తుంపరను ఆపే పలకల) గురించి క్లుప్తంగా: పాత రకాలతో తిరిగే నీటిలో 0.02 శాతం తుంపరగా పోయేది. మన లెక్కలో గంటకు 5.4 క్యూబిక్ మీటర్లు. కొత్త పీవీసీ రకాలు దాన్ని పదోవంతుకు తెస్తాయి. నీటి ఆదా కోసమే అయితే మార్చడం దండగ. గాలివాటున స్విచ్‌యార్డ్ ఉండి, ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని ఫ్లాష్‌ఓవర్ (ఇన్సులేటర్ మీదుగా కరెంటు దూకడం) భయం ఉంటే మాత్రం వెంటనే మార్చండి.

ఫ్యాన్లు, గేర్‌బాక్స్‌లు

అల్యూమినియం బ్లేడ్ల బదులు బోలు ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) బ్లేడ్లు వేస్తే 20 నుంచి 30 శాతం కరెంటు ఆదా అంటారు. 20 శాతమే పట్టుకుందాం. ఒక్కో ఫ్యాన్ 60 కిలోవాట్లు తీసుకుంటుంటే 12 మిగులుతుంది, పదింటికి 120. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 9.6 లక్షల యూనిట్ల కరెంటు. మంచి పెట్టుబడే. కానీ గాలి కూడా తగ్గించి కరెంటు తగ్గిందని చూపించే కనికట్టు ఉంది. పాత ఫ్యాన్‌తో ఎంత గాలి వచ్చేదో ముందు కొలిపించి, కొత్త ఫ్యాన్‌తో అంతకు తగ్గకూడదని రాయించుకోండి. బ్లేడు చివరకూ స్టాక్ (ఫ్యాన్ చుట్టూ ఉండే గొట్టం) గోడకూ ఉన్న సందు కూడా చూడండి. అది పెద్దదైతే ఎంత మంచి బ్లేడైనా గాలి ఆ సందులోంచి వెనక్కి జారుతుంది.

వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) పెట్టాలా వద్దా అన్నదానికి నా జవాబు ఈ మధ్య మారింది. ఫ్యాన్ వేగం 80 శాతానికి దించితే కరెంటు 51 శాతానికి పడిపోతుంది, వేగం ఘనానికి అనుగుణంగా. వినడానికి బాగుంటుంది. అయితే ఫుల్ లోడ్ మీద నడిచే స్టేషన్‌లో మన కోస్తా వేసవికి ఫ్యాన్ తగ్గించే వీలే ఉండదు, ఫ్యాన్‌లో మిగిలినదానికంటే వ్యాక్యూమ్‌లో పోయేది ఎక్కువ. చలికాలం రాత్రులు తగ్గించాలంటే పది సెల్స్‌లో ఒకటో రెండో ఆపితే సరిపోతుంది. ఇదీ నా పాత జవాబు. ఇప్పుడు పగలు సోలార్ దంచి కొడుతుంటే బొగ్గు యూనిట్లు రోజూ మధ్యాహ్నం కిందికి దిగుతున్నాయి. 2023 సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధనలు 55 శాతం లోడ్ దాకా దిగగలగాలంటున్నాయి. సగం వేడికి పది ఫ్యాన్లు ఎందుకు? పది సెల్స్‌లో రెండింటికో మూడింటికో వీఎఫ్‌డీ పెట్టి, మిగతావి ఆన్-ఆఫ్‌తో నడిపితే ఖర్చుకూ ఆదాకూ పొత్తు కుదురుతుంది. అన్నింటికీ పెట్టమనేవాడు వీఎఫ్‌డీ అమ్మేవాడే అయి ఉంటాడు.

ఫ్యాన్ ఆపేటప్పుడు ఒక్క సంగతి. పార్టిషన్ చిరిగి ఉంటే ఆగిన సెల్ స్టాక్‌లోంచి పక్క సెల్ గాలి పీలుస్తుంది, ఆగిన ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ ఉంటుంది. అది చూడకుండా స్టార్ట్ నొక్కితే గేర్‌బాక్స్ పళ్ళు రాలతాయి. రివర్స్ తిరగకుండా బ్యాక్‌స్టాప్ లేకపోతే, ఆగిందని కంటితో చూశాకే స్టార్ట్ చేయండి.

గేర్‌బాక్స్ తీసేసి ఫ్యాన్‌కు నేరుగా పర్మనెంట్ మాగ్నెట్ మోటార్ బిగించే పద్ధతి వచ్చింది. ఆయిల్ లేదు, పొడవాటి షాఫ్ట్ లేదు, అలైన్‌మెంట్ తలనొప్పి లేదు. కానీ ఆ మోటార్‌కు వీఎఫ్‌డీ తప్పనిసరి, అది వెచ్చటి ఆవిరి మధ్యలో ఏళ్ళ తరబడి బతకాలి, పాడైతే ఊళ్ళో రివైండింగ్ షాపుకు పంపలేం. స్టోర్‌లో రెండు స్పేర్ గేర్‌బాక్స్‌లున్న స్టేషన్ ఇప్పటికిప్పుడు మారాల్సిన అవసరం నాకు కనపడదు. దాని బదులు స్టీల్ షాఫ్ట్ తీసి కార్బన్ ఫైబర్ షాఫ్ట్ వేయండి. బరువు తగ్గుతుంది, తుప్పు పట్టదు, బేరింగులు ఊపిరి పీల్చుకుంటాయి. ప్రతి ఫ్యాన్‌కూ వైబ్రేషన్ స్విచ్ ఉండాలి, దాన్ని బైపాస్ చేసిన జంపర్ వైర్ ఉండకూడదు.

గేర్‌బాక్స్‌లు పోవడానికి నేను చూసిన ముఖ్య కారణం చిన్నది. ఆయిల్ లెవెల్ గాజు స్టాక్ బయట ఉంటుంది, పైపు లోపలికి పోతుంది. వెంట్ మూసుకుపోతే గాజులో ఆయిల్ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల గేర్‌బాక్స్ ఎండిపోతుంది. హెల్పర్ రోజూ "లెవెల్ ఓకే" అని నిజాయితీగానే రాస్తాడు. నెలకోసారి ఫ్యాన్ ఆపి డిప్‌స్టిక్ పెట్టి చూస్తే ఈ మోసం బయటపడుతుంది.

నీటి కెమిస్ట్రీ: సీఓసీ ఎంత దాకా?

2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కూలింగ్ టవర్లున్న పాత స్టేషన్లు ఒక్కో మెగావాట్ అవర్‌కు 3.5 క్యూబిక్ మీటర్లు మించి నీళ్ళు వాడకూడదు. 2017 జనవరి 1 తర్వాత వచ్చినవాటికి 2018 సవరణతో ఆ హద్దు 3 అయింది. సముద్రపు నీరు వాడేవాళ్ళకు మినహాయింపు ఉంది. ఆ నీటిలో సింహభాగం టవర్‌దే కాబట్టి అందరి కన్నూ సీఓసీ (మేకప్‌తో పోలిస్తే తిరిగే నీటిలో లవణాలు ఎన్ని రెట్లు చిక్కబడ్డాయో చెప్పే అంకె) మీద పడింది.

మన యూనిట్ లెక్క చూద్దాం. గంటకు ఆవిరయ్యేది సుమారు 372 క్యూబిక్ మీటర్లు. దాన్ని ఎవరూ తగ్గించలేరు, చల్లబడటానికి అదే మూలం. సీఓసీ 3 దగ్గర బ్లోడౌన్ (లవణాలు పేరుకోకుండా బయటికి వదిలే నీరు) 186. సీఓసీ 5కి పెంచితే 93. రోజుకు 22 లక్షల లీటర్లు మిగిలాయి. ఇక 5 నుంచి 8కి వెళితే బ్లోడౌన్ 53 అవుతుంది, మిగిలేది గంటకు 40 మాత్రమే. మొదటి మెట్టులో దొరికినదాంట్లో సగం కూడా రాదు, కానీ సిలికా, కాల్షియం గట్టుదాకా వస్తాయి, ఒక్క షిఫ్ట్ డోసింగ్ పంపు ఆగితే కండెన్సర్‌లో లవణాల పొర పడుతుంది. నీటి ఆదా పేరుతో బొగ్గు తగలేసుకోవడం. మామూలు నీటికి 5 దగ్గర ఆగడం మంచిది. కడప వైపు నీటిలా కాఠిన్యం ఎక్కువున్నచోట ఆ 5కే మేకప్ సాఫ్టెనింగ్ అవసరం పడవచ్చు. అంతకు మించి పోవాలంటే సైడ్ స్ట్రీమ్ ఫిల్టర్ (తిరిగే నీటిలో కొంత పక్కకు తీసి వడకట్టేది), సాఫ్టెనింగ్ ఖర్చు కూడా అదే ఎస్టిమేట్‌లో చూపించాలి.

సీఓసీ పెంచినప్పుడు చాలామంది మర్చిపోయేది క్లోరిన్. నీళ్ళు చిక్కబడితే పీహెచ్ 8.5 దాకా పోతుంది. క్రిములను చంపే రూపంలో క్లోరిన్ పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8.5 దగ్గర పదోవంతుకు పడిపోతుంది. అంత గ్యాసూ వేస్తూనే ఉంటాం, నాచు పెరుగుతూనే ఉంటుంది, ఫిల్ పూడుతూనే ఉంటుంది. క్లోరిన్ డయాక్సైడ్‌కు పీహెచ్‌తో ఈ గొడవ లేదు, బ్రోమిన్ కూడా ఆ పీహెచ్‌లో క్లోరిన్ కంటే మెరుగు. ఖర్చు ఎక్కువే. అయితే టన్ను క్లోరిన్ సిలిండర్ల పక్కన ఊరుంటే, ఒక్క వాల్వ్ లీకైన రాత్రి టెన్షన్ అనుభవించినవాళ్ళు ఆ తేడా గురించి బేరమాడరు. సముద్రతీరంలో అయితే ఆ నీటి నుంచే ఎలక్ట్రోక్లోరినేషన్‌తో హైపోక్లోరైట్ తయారు చేసుకోవచ్చు, సిలిండర్ మాటే లేదు.

కొత్తగా కట్టేవాళ్ళకు రెండు మాటలు

నేచురల్ డ్రాఫ్ట్ టవర్‌కు ఫ్యాన్ లేదు, గేర్‌బాక్స్ లేదు, కరెంటు బిల్లు లేదు. విశాఖ దగ్గరి సింహాద్రి స్టేషన్‌లో 165 మీటర్ల టవర్లు సముద్రపు నీటితో నడుస్తున్నాయి. రాజస్థాన్‌లోని కాలీసింధ్‌లో 202 మీటర్లకు పోయారు. పెద్ద యూనిట్లకు, పాతికేళ్ళు బేస్ లోడ్ (ఎక్కీదిగకుండా నిలకడైన లోడ్) మీద నడిచే చోటుకు ఇది సరిపోతుంది. లోపలి తేమగాలి బయటి గాలికంటే తేలిక కావడమే దానికి ఫ్యాన్. కాబట్టి ఎండ, పొడి రెండూ ముదిరిన మధ్యాహ్నం డ్రాఫ్ట్ తగ్గుతుంది, పెంచుకోవడానికి మీ చేతిలో బటన్ ఏదీ లేదు. షెల్ (టవర్ కాంక్రీటు గోడ) విషయంలో ఏమరుపాటు కుదరదు. 1965 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో ఎనిమిది టవర్లలో మూడు గాలికి కూలాయి. టవర్లు గుంపుగా ఉన్నప్పుడు ముందు వరస మధ్యలోంచి దూసుకొచ్చే గాలి, వెనక టవర్ మీద ఎంత ఒత్తిడి పెడుతుందో డిజైన్‌లో పట్టించుకోలేదు. మన పాల్వంచలో 2024 ఆగస్టులో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ స్టేషన్) ఎనిమిది టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చినప్పుడు, దశాబ్దాలుగా ఊరికి గుర్తుగా నిలబడ్డవి క్షణాల్లో దుమ్మయ్యాయి. అవి పనిచేయలేక కాదు, యూనిట్ల కాలం తీరి.

ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్ తక్కువ స్థలంలో, తక్కువ పెట్టుబడితో వస్తుంది. సెల్ ఆపి రిపేరు చేసుకోవచ్చు, లోడ్ ఎక్కీదిగే యూనిట్‌కు అనుకూలం. రేపటి బొగ్గు స్టేషన్ రోజూ దిగి ఎక్కేదే అయితే నా ఓటు దీనికే. నీళ్ళు అసలే దొరకని చోట ఎయిర్ కూల్డ్ కండెన్సర్ (ఆవిరిని నేరుగా గాలితో చల్లార్చేది) ఉంది, జార్ఖండ్‌లోని నార్త్ కరన్‌పురాలో పెట్టారు. దానికి హద్దు వెట్ బల్బ్ కాదు, అసలు ఎండే. 45 డిగ్రీల మే మధ్యాహ్నం అది ఎంత వ్యాక్యూమ్ ఇస్తుందో ఆలోచిస్తే, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళు దాని జోలికెందుకు పోరో అర్థమవుతుంది.

టెండర్‌లో రాయాల్సినవి

ఎల్1 పద్ధతి (అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే పని) మార్చడం మన చేతిలో లేదు కానీ, ఎల్1 ఎవరో తేల్చే షరతులు మన చేతిలో ఉన్నాయి. "రెండు డిగ్రీలు మెరుగు" అన్న మాటకు విలువ లేదు. ఫలానా వెట్ బల్బ్, ఫలానా రేంజ్, ఫలానా ప్రవాహం దగ్గర చల్లనీళ్ళు ఇంత అని గ్యారంటీ రాయించండి. సీటీఐ ఏటీసీ-105 పద్ధతిలో పరీక్ష, తగ్గిన ప్రతి పదోవంతు డిగ్రీకి కోత. పరీక్ష రెండుసార్లు ఉండాలి: వేసిన వెంటనే ఒకటి, ఒక వర్షాకాలం గడిచాక ఇంకొకటి. ఈ రెండో పరీక్ష షరతు చూడగానే సగం మంది ఫిల్మ్ ఫిల్ వాళ్ళు లో-క్లాగ్ కోట్ చేస్తారు, నాకు అనుభవమే.

మీ నీటిలోని మట్టి అంకెలు కూడా టెండర్‌తోపాటు ఇవ్వండి, జనవరివి కాదు, ఆగస్టువి. ఇక వేసే రోజున ఒక పని చేయించండి. ఒక ఫిల్ బ్లాకును ఇనప గొలుసుతో విడిగా, సెల్ తలుపు నుంచి చేతికందే చోట వేలాడదీయండి. ఆ రోజు దాని బరువు తూచి తలుపు లోపలి పక్కన పెయింట్‌తో రాయండి. ఆరు నెలలకోసారి సెల్ ఆపినప్పుడు తీసి, నీళ్ళు కారిపోయాక మళ్ళీ తూచి కింద రాయండి. మూడో అంకె మొదటిదానికి రెట్టింపైతే, ఫిల్ ఇంకా వంగక ముందే, కెమిస్ట్రీ వాళ్ళనూ క్లారిఫయర్ వాళ్ళనూ ఆ తలుపు దగ్గరికే పిలిచి మాట్లాడవచ్చు.